‘స్టార్వ్’: చావు నుంచి ఆకలి దాకా

ఈ సంచికకు అందిన ప్రశ్నలలో కొన్ని ఒకే ఇంగ్లీషు క్రియకు సంబంధించినవి. వాటికి విడివిడిగా జవాబులు రాస్తే చెప్పిందే మళ్ళీ చెప్పవలసి వస్తుంది కనుక, అన్నింటినీ ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. మొదటి ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉన్నది కాబట్టి దానికే ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నేర్చుకుంటున్నాను. మిల్టన్ రాసిన ‘పారడైజ్ లాస్ట్’ రెండవ భాగంలో, నరకంలో పడినవారిని మండే అగ్నిశయ్యల మీది నుంచి మంచులో ‘స్టార్వ్’ చేయడానికి తీసుకుపోతారని ఉన్నది. నాకు తెలిసినంతవరకు ఈ క్రియకు ‘ఆకలితో మాడు’ అని అర్థం. మంచుకూ ఆకలికీ ఏమిటి సంబంధం? ఈ మాట పుట్టుక ఏమిటి? ఇక్కడ తెలుగులో ఏమని రాయాలి?

జవాబు: అర్థం కుదరలేదని మీరు అక్కడ ఆగడం మంచిదయింది. మిల్టన్ ఆ చోట ఆకలి సంగతి ఎత్తనే లేదు. ఆ కావ్యం 1667లో అచ్చయింది. అప్పటికి ‘స్టార్వ్’ అన్న క్రియకు ‘ఆకలితో చచ్చు’ అనే అర్థంతోపాటు ‘చలికి కొయ్యబారి చచ్చు’, ‘చలితో చంపు’ అనే అర్థాలు కూడా సజీవంగా ఉన్నాయి. ఆ పాదాలలో ఈ క్రియకు కర్మగా ఉన్నది ఆ జీవులు కూడా కాదు, వారిలోని మృదువైన దివ్యమైన వెచ్చదనం. ఆ వెచ్చదనాన్ని మంచులో పెట్టి చంపుతారని కవి చెబుతున్నాడు. తరువాతి పాదంలో వారు కదలలేక, చుట్టూ గడ్డకట్టిన మంచులో నాటుకుపోయి ఉండడం వర్ణించాడు కనుక సందేహానికి తావు లేదు.

ఒకే క్రియకు ఆకలి, చలి అనే రెండు అర్థాలు ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. పాత ఇంగ్లీషులో దీని రూపం ‘స్టెయొర్ఫన్’. దాని అర్థం ‘చనిపోవు’. ఏ కారణంతో చనిపోయినా సరే, యుద్ధంలోనైనా, జబ్బుతోనైనా, ముసలితనంతోనైనా, ఆ ఒక్క క్రియే సరిపోయేది. దీని తోబుట్టువులు నేటికీ అదే అర్థంతో బతికి ఉన్నాయి. జర్మన్ భాషలో ‘ష్టెర్బెన్’ అంటే చనిపోవడం, డచ్చి భాషలో ‘స్టెర్వెన్’ అంటే చనిపోవడం. వాటికి ఆకలితో పని లేదు. ఆకలితో చనిపోవడాన్ని చెప్పడానికి జర్మన్ భాష ‘హంగర్’ అన్న మాట నుంచే ‘ఫెర్‌హుంగెర్న్’ అనే వేరొక క్రియను తయారు చేసుకున్నది. ఇంకా వెనకటి మూలధాతువుకు భాషాశాస్త్రజ్ఞులు ‘బిగుసుకుపోవు, గట్టిపడు’ అనే అర్థం చెబుతారు. ప్రాణం పోయిన దేహం బిగుసుకుపోతుంది. మనం కూడా ‘కట్టె’ అన్న మాటను శవానికి వాడుతున్నాము కదా. మాటలు వేరైనా ఆ రెంటి వెనుక ఉన్న దృశ్యం ఒకటే.

14వ శతాబ్ది దాకా ఇంగ్లీషులోనూ ఈ పాత అర్థమే నడిచింది. ఇంగ్లీషు కవి చాసర్ 1380ల నాటి తన ‘ట్రాయిలస్ అండ్ క్రిసెయిడ్’ కావ్యం చివర, మానవుల ఆత్మలను విడిపించడానికి శిలువ మీద మరణించి తిరిగి లేచిన క్రీస్తును ప్రేమించమని యువతీయువకులకు చెబుతూ, ఆ మరణాన్ని ‘స్టార్ఫ్’ అనే భూతకాల రూపంతోనే చెప్పాడు. ఇప్పటి అర్థాన్ని అక్కడ పెట్టి చదివితే శిలువ మీద ఆకలితో పోయినట్టు అవుతుంది. పాత పుస్తకాలు చదివేటప్పుడు కొత్త మాటల కన్నా తెలిసిన మాటల దగ్గరే మోసపోయే ప్రమాదం ఎక్కువ అని నేను నమ్మడానికి ఇటువంటి చోట్లే కారణం.

మరి ఆ విశాలమైన అర్థం ఎలా కుంచించుకుపోయింది? స్కాండినేవియా భాషల ప్రభావంతో ‘డై’ అనే క్రియ ఇంగ్లీషులో స్థిరపడింది. పాత నార్స్ భాషలో దాని రూపం ‘డెయ్యా’. చనిపోవడాన్ని చెప్పడానికి రెండు సాధారణ క్రియలు పక్కపక్కన ఉన్నప్పుడు భాష వాటికి పని పంచుతుంది. సాధారణమైన చావు ‘డై’కి దక్కింది. నెమ్మదిగా, బాధపడుతూ, శరీరం కృశించి పోయే చావు ‘స్టార్వ్’ వాటాకు వచ్చింది. అటువంటి చావుకు ప్రధానమైన కారణాలు రెండు, తిండి లేకపోవడం, వెచ్చదనం లేకపోవడం. మొదట్లో ‘ఆకలితో స్టార్వ్ అయ్యాడు’, ‘చలితో స్టార్వ్ అయ్యాడు’ అని కారణాన్ని విడిగా చెప్పవలసి వచ్చేది. వాడగా వాడగా కారణం క్రియలోనే ఇమిడిపోయి, దాన్ని వేరుగా చెప్పవలసిన అవసరం తీరిపోయింది. 16వ శతాబ్దిలో ఆకలి అర్థం బాగా బలపడింది. చలి అర్థం ప్రామాణిక భాష నుంచి క్రమంగా తప్పుకుని, ఉత్తర ఇంగ్లండు మాండలికాలలో మాత్రం చాలాకాలం నిలిచింది. అక్కడి మనిషి ‘ఐ యామ్ స్టార్వ్డ్’ అన్నాడంటే, అన్నం పెట్టమని కాక తలుపు మూసి పొయ్యి రాజేయమని అడుగుతున్నాడని అర్థం చేసుకోవలసి ఉండేది.

ఈ రకమైన మార్పును మన భాషాశాస్త్ర గ్రంథాలు అర్థసంకోచం అంటాయి. తెలుగులో ‘చీర’ ఒకప్పుడు ఏ వస్త్రానికైనా పేరు, ఇప్పుడు స్త్రీలు కట్టుకునే ఒక వస్త్రానికే పేరు. సంస్కృతంలో ‘వ్యవసాయం’ అంటే పూనిక, ప్రయత్నం. మనం దాన్ని నేల దున్ని పంట పండించే ప్రయత్నానికే పరిమితం చేశాము. ఇంగ్లీషులో ‘డీర్’ ఒకప్పుడు ఏ జంతువైనా కావచ్చు, దాని జర్మన్ తోబుట్టువు ‘టీర్’ నేటికీ జంతువే. ఇంగ్లీషులో మాత్రం అది జింకగా మిగిలింది. ‘స్టార్వ్’ నడిచిన దారి కూడా ఇదే. ఒక తేడా ఏమిటంటే, తక్కిన మాటలు వస్తువుల పేర్లు, పనుల పేర్లు. ఇది చావు పేరు. అందువల్ల దీని కథ చదువుతుంటే నా మనస్సు ఒకింత బరువెక్కుతుంది. అన్ని చావుల నుంచి ఈ క్రియ చివరికి తిండి లేని చావు దగ్గర ఆగిందంటే, ఆ చావు అప్పటి జనానికి ఎంత పరిచితమో ఊహించుకోవచ్చు.

ఉచ్చారణ మార్పు గురించి ఒక మాట. మధ్యకాలపు ఇంగ్లీషులో ఇది ‘స్టెర్వెన్’. రేఫకు ముందున్న ఎకారం ఆకారంగా మారడం ఆ భాషలో అనేక మాటలకు జరిగింది. ‘స్టెర్రె’ ‘స్టార్’ అయింది, ‘ఫెర్మ్’ ‘ఫార్మ్’ అయింది. ‘క్లర్క్’ అన్న మాటను బ్రిటన్‌లో నేటికీ ‘క్లార్క్’ అని పలకడానికి కూడా కారణం ఇదే. భూతకాల రూపాలు కూడా మారాయి. ‘స్టార్ఫ్’, ‘స్టొర్వెన్’ అనే పాత రూపాలు పోయి, సాధారణ క్రియలన్నింటిలాగే ‘స్టార్వ్డ్’ మిగిలింది.

ఇక తెలుగులో ఏమని రాయాలన్న ప్రశ్న. ఇక్కడ మనకు ఒక చిక్కు ఉన్నది. తెలుగువారి ఆకలి నిప్పు జాతికి చెందినది. కడుపు కాలుతుంది, కడుపు మాడుతుంది, ఆకలి మంట అంటాము, మలమల మాడిపోయాడంటాము. జీర్ణశక్తికి సంస్కృతం నుంచి తెచ్చుకున్న పేరు కూడా జఠరాగ్ని. ఇంగ్లీషు ‘స్టార్వ్’ ఇందుకు ఎదురు దిక్కున నిలుస్తుంది. అది బిగుసుకుపోవడంతో మొదలై, చలిని దాటి ఆకలి దగ్గరకు చేరింది. కాబట్టి ‘మంచులో మాడడానికి’ అని రాస్తే తెలుగు పాఠకునికి మంచులో నిప్పు కనిపిస్తుంది. మిల్టన్ అగ్ని నుంచి మంచుకు మారిన బాధను, అంటే రెండు కొసల మధ్య తేడాను చూపాలనుకున్నాడు. మన క్రియ ఆ తేడానే చెరిపివేస్తుంది. ‘గడ్డకట్టించి చంపడానికి’, ‘మంచులో కొయ్యబారేలా చేయడానికి’ అన్నవి అక్కడ సరిపోతాయి. నన్నడిగితే ‘కొయ్యబారు’ అన్న క్రియనే ఎంచుకుంటాను. అందులో చలీ ఉన్నది, చావూ ఉన్నది, ఆ మూలధాతువులోని బిగుసుకుపోవడం కూడా ఉన్నది.

ఇదే జాగ్రత్త అవసరమైన మరొక చోటు చెబుతాను. షేక్‌స్పియర్ ‘ఆరవ హెన్రీ’ రెండవ భాగం మూడవ అంకంలో యార్క్ ప్రభువు, మీరు ‘స్టార్వ్డ్’ అయిన పామును వెచ్చబెడుతున్నారు, అది మీ గుండెను కాటు వేస్తుంది అంటాడు. తెలుగు అనువాదకుడు ఇక్కడ ‘ఆకలిగొన్న పాము’ అని రాసే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ, ఎందుకంటే పాముకు పాలు పోసి పెంచడమనే మన నానుడి మనస్సులో సిద్ధంగా ఉంటుంది. ఆ పాము ఆకలిగొన్నది కాదు, చలికి చచ్చుబడి ఉన్నది. వెచ్చబెట్టడం అనే మాటే అందుకు సాక్ష్యం. పాలు పోయడం మన నానుడి, రొమ్ములో పెట్టుకుని వెచ్చబెట్టడం వారి నానుడి. రెండింటి నీతి ఒకటే అయినా, ఒకదాని స్థానంలో మరొకటి పెడితే ఆ వాక్యంలోని పాము మారిపోతుంది.

ప్రశ్న: భోజనం గంట ఆలస్యమైతే చాలు, ‘ఐ యామ్ స్టార్వింగ్’ అనడం మామూలైపోయింది. ఇది తప్పు వాడుక కాదా? ‘హంగ్రీ’కీ దీనికీ తేడా లేదా?

జవాబు: సంభాషణలో ఇది తప్పు కాదు, అతిశయోక్తి. మనం కూడా ‘ఆకలికి చచ్చిపోతున్నాను’ అంటాము. విన్నవారెవరూ చావును తలచుకోరు. ఇంగ్లీషువారు ఇప్పుడు క్రియ పాత అర్థాన్ని మరచిపోయి మాట్లాడుతున్నా, మనం తెలిసి అన్నా, రెండు మాటలూ అక్షరార్థంలో ఒకటే కావడం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ‘హంగ్రీ’ అంటే తినాలనిపించడం మాత్రమే. ‘స్టార్వింగ్’ అంటే మాటలో ‘బాగా ఆకలి’, రాతలో ‘తిండి లేక కృశించడం’. ‘ఐ యామ్ స్టార్వ్డ్’ అన్న రూపం కూడా ఇదే అర్థంతో వినిపిస్తుంది.

అయితే మాటకూ రాతకూ మధ్య ఉన్న గీతను గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం. వైద్యంలో, పోషకాహార శాస్త్రంలో ఈ క్రియకూ దీని నామరూపానికీ నిర్దుష్టమైన అర్థం ఉన్నది. శరీరానికి అవసరమైన శక్తి చాలాకాలం అందక, అది తనలోని కొవ్వును, ఆ తరువాత కండరాన్ని కరిగించుకునే స్థితికే ఆ పేరు. 1944, 1945 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ నాయకత్వంలో జరిగిన ప్రయోగంలో, యుద్ధంలో ఆయుధం పట్టడానికి అంగీకరించని 36 మంది యువకులు తమంతట తాముగా ముందుకు వచ్చి, దాదాపు ఆరు నెలలపాటు చాలీచాలని తిండి మీద బతికారు. యుద్ధానంతర ఐరోపాలో ఆకలితో కృశించినవారికి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఆ ప్రయోగం ఉద్దేశం. తిండి పూర్తిగా ఆపలేదు కాబట్టి శాస్త్రజ్ఞులు దాన్ని ‘సెమీ స్టార్వేషన్’ అన్నారు, అంటే అర్ధాకలి. ఆ యువకులు బరువు కోల్పోవడంతో ఆగలేదు. వారికి ఎప్పుడూ చలిగా ఉండేది, తిండి తప్ప మరొక ఆలోచన నిలిచేది కాదు. ఆకలితో కృశించిన శరీరం చలికి తట్టుకోలేదన్న సంగతిని గుర్తుంచుకుంటే, ఒకే క్రియ ఆకలినీ చలినీ కలిపి మోసిన రోజులు అంత వింతగా అనిపించవు. కరవు గురించి, క్షామం గురించి రాసే వ్యాసంలో ఈ మాటను ఆలస్యమైన భోజనానికి వాడినంత తేలికగా వాడడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: ‘ద చిల్డ్రన్ వర్ స్టార్వ్డ్’ అన్న వాక్యాన్ని ఒకరు ‘పిల్లలు ఆకలితో అలమటించారు’ అనీ, మరొకరు ‘పిల్లలను పస్తు పెట్టారు’ అనీ అనువదించారు. ఏది సరైనది? ‘స్టార్వ్డ్ ఆఫ్’, ‘స్టార్వ్డ్ ఫర్’ అన్నవాటి తేడా కూడా చెప్పగలరు.

జవాబు: వాక్యాన్ని విడిగా చూస్తే రెండవదే సరైనది. ఈ క్రియ సకర్మకంగానూ అకర్మకంగానూ నడుస్తుంది. ‘ద చిల్డ్రన్ స్టార్వ్డ్’ అంటే పిల్లలు ఆకలితో మాడారు, లేదా మాడి చనిపోయారు. ‘వర్ స్టార్వ్డ్’ అన్నప్పుడు అది కర్మణి ప్రయోగం, ఎవరో మాడ్చారు. ఆ ఎవరో ఎవరన్నది వాక్యంలో లేదు, కానీ ఒకరు ఉన్నారన్న సూచన మాత్రం వ్యాకరణంలోనే ఉన్నది. మొదటి అనువాదకుడు ఆ సూచనను తుడిచివేశాడు. అలమటించడానికి కర్త పిల్లలే, అందులో తిండి నిరాకరించిన చెయ్యి కనిపించదు. ఒక నేరాన్ని దురదృష్టంగా మార్చడానికి ఒక క్రియారూపం చాలునన్నది ఇటువంటి చోట్ల నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగు ఈ విషయంలో ఇంగ్లీషు కన్నా స్పష్టమైనది. మనకు ‘మాడు’ వేరు, ‘మాడ్చు’ వేరు. కడుపు మాడింది అంటే జరిగినది. కడుపు మాడ్చారు అంటే చేసినది. కర్త పేరు తెలియకపోతే ‘పిల్లలకు తిండి పెట్టకుండా మాడ్చారు’ అని బహువచన క్రియతో రాయవచ్చు. ‘పిల్లలు పస్తు పెట్టబడ్డారు’ అని రాయవద్దు. అది కేవలం ఇంగ్లీషు వాక్యానికి తెలుగు అక్షరాలు తొడగడమే. సందర్భంలో ఎవరూ తిండి ఆపలేదనీ, ‘స్టార్వ్డ్’ అన్నది పిల్లల స్థితిని చెప్పే విశేషణమనీ తేలితే, అప్పుడు మొదటి అనువాదానికి చోటు ఉంటుంది. కాబట్టి ముందువెనుకల వాక్యాలు చూడకుండా ఈ రూపాన్ని అనువదించవద్దు.

ఇంకొక సందిగ్ధం కూడా ఉన్నది. ‘హీ స్టార్వ్డ్’ అన్న వాక్యంలో మనిషి చనిపోయాడా, బాధపడి బతికాడా అన్నది తేలదు. అందుకే ఇంగ్లీషువారు చావును చెప్పదలచినప్పుడు ‘స్టార్వ్డ్ టు డెత్’ అని చేర్చుతారు. పాత అర్థం ప్రకారం చూస్తే ఇది ‘చావుదాకా చచ్చాడు’ అన్నట్టు ఉంటుంది. క్రియలోని చావు అంతగా పలచబడిపోయింది కనుక దాన్ని బయటి నుంచి మళ్ళీ తెచ్చి పెట్టవలసి వచ్చింది. ‘ఆకలి చావు’ అన్న మన సమాసం ఆ పనిని రెండు మాటల్లో నిస్సందేహంగా చేస్తుంది.

సకర్మక వాడుకలో ముట్టడికి సంబంధించినవి ముఖ్యమైనవి. కోటను చుట్టుముట్టి లోపలికి తిండి వెళ్ళకుండా చేసి శత్రువును బయటికి రప్పించడం ‘స్టార్వ్ అవుట్’. లొంగిపోయేదాకా అలా చేయడం ‘స్టార్వ్ ఇన్‌టు సబ్‌మిషన్’. వీటిని ‘తిండి అందకుండా చేసి లొంగదీసుకొను’ అని విప్పి చెప్పడమే మంచిది.

ఇక ‘ఆఫ్’, ‘ఫర్’ సంగతి. ‘స్టార్వ్డ్ ఆఫ్’ అంటే అవసరమైనది అందకుండా పోయిందని: నిధులు అందని పథకం, ఆక్సిజన్ అందని మెదడు, ఆప్యాయత ఎరగని పసివాడు. ‘స్టార్వ్డ్ ఫర్’ అన్నది అమెరికా వాడుకలో ఇదే అర్థంతో ఎక్కువగా కనిపిస్తుంది, కొన్ని చోట్ల దాని కోసం ముఖం వాచిపోయారన్న తపన కూడా అందులో ధ్వనిస్తుంది. ‘ముఖం వాచు’ అన్న మన పలుకుబడి ఆప్యాయత విషయంలో చక్కగా అమరుతుంది; నిధుల విషయంలో ‘నిధులు లేక నీరసించిన’ అంటే చాలు. కంప్యూటర్ శాస్త్రంలో కూడా ‘స్టార్వేషన్’ ఒక పారిభాషిక పదం. ఒక ప్రోగ్రాము తన వంతు కోసం వేచి ఉండగా, తనకన్నా ప్రాధాన్యం ఎక్కువ ఉన్నవి ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాసెసర్‌ను తీసుకుపోతూ ఉంటే, దానికి వంతు ఎప్పటికీ రాకపోవడమే ఆ స్థితి. వేచి ఉన్న కాలాన్ని బట్టి ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం దానికి విరుగుడు. అక్కడ ‘ఆకలి’ అని అనువదించడం అనవసరం. ‘వంతు దక్కకపోవడం’ అంటే విద్యార్థికి విషయం బోధపడుతుంది.

ప్రశ్న: ‘స్టార్వేషన్’ అన్న నామవాచకాన్ని ఒక రాజకీయ నాయకుడు సృష్టించాడని విన్నాను. నిజమేనా?

జవాబు: సృష్టించాడని గట్టిగా చెప్పలేము కానీ, ఆ మాటతో అతని పేరు విడదీయరానంతగా ముడిపడిపోయింది. అతడు హెన్రీ డండాస్ అనే స్కాట్లండు న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు. 1775లో అమెరికా వలసల వ్యవహారం బ్రిటిష్ కామన్స్ సభలో చర్చకు వచ్చినప్పుడు, తిరుగుబాటు చేస్తున్నవారికి జీవనాధారం లేకుండా చేయాలన్న వాదన సందర్భంలో అతడు ఈ మాట వాడాడు. దానితో అతనికి ‘స్టార్వేషన్ డండాస్’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు అతని నిర్దయను నిందించడానికి పెట్టారో, అతని మాట తయారీని ఎత్తిపొడవడానికి పెట్టారో అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. రెండింటికీ కారణం ఉన్నది. ‘ఏషన్’ అన్న ప్రత్యయం లాటిన్ నుంచి వచ్చినది, ‘స్టార్వ్’ జర్మానిక్ కుటుంబపు నాటు క్రియ. ఈ రెంటినీ అతికించడం ఆనాటి పండితుల చెవికి వైరిసమాసంలా వినిపించింది. ‘ఫ్లర్టేషన్’ వంటి ఒకటి రెండు మాటలు అంతకు ముందే ఉన్నా, ఇది ఒక దేశ ప్రజల తిండికి సంబంధించినది కావడం వల్ల మనసులకు ఎక్కువగా గుచ్చుకున్నట్టుంది. ఇదే డండాస్ తరువాతి కాలంలో భారతదేశ వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కు అధ్యక్షుడయ్యాడు.

ఆ మాటకు ముందు ఈ క్రియ నుంచి పుట్టిన నామవాచకాలలో ‘స్టార్వ్‌లింగ్’ ఒకటి, అంటే తిండి లేక బక్కచిక్కినవాడు. షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలో దర్జీకి పెట్టిన పేరు రాబిన్ స్టార్వ్‌లింగ్.

ప్రశ్న: ‘ఫీడ్ ఎ కోల్డ్, స్టార్వ్ ఎ ఫీవర్’ అన్న సామెతకు, ‘జలుబులో తింటే జ్వరంతో చస్తావు’ అన్నదే అసలు అర్థమనీ, ‘స్టార్వ్’కు పాత అర్థం చావే కదా అనీ ఒకరు వివరించారు. ఇది సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. పాత అర్థం తెలిసిన ఆనందంలో వ్యాకరణాన్ని విస్మరించి చెప్పిన వివరణ అది. సామెతలో ‘ఫీవర్’ అన్నది ‘స్టార్వ్’కు కర్మ. ‘జ్వరంతో చస్తావు’ అని చెప్పాలంటే నడుమ ఒక విభక్త్యర్థక పదం ఉండాలి, అది లేదు. రెండు భాగాలూ ఒకే పోతలో పోసిన విధివాక్యాలు: జలుబుకు తిండి పెట్టు, జ్వరానికి తిండి ఆపు. రోగాన్నే ఒక ప్రాణిగా భావించి దానికి మేత వేయడం, మానడం అన్న ఊహ అందులో ఉన్నది. మన ‘లంఖణం పరమౌషధం’ రెండవ భాగానికి దగ్గరగా వస్తుంది కానీ, సంస్కృత వైద్య గ్రంథాలలో ‘లంఘనం’ అంటే శరీరాన్ని తేలికపరిచే చర్యలన్నీ. చరకుడు చెప్పిన పది విధాలలో ఉపవాసం ఒకటి మాత్రమే. కాబట్టి ఆ మాటను ‘స్టార్వ్’ అని ఇంగ్లీషులోకి తీసుకుపోవడం కూడా సరికాదు. సామెత భాషకు సంబంధించినది, చికిత్సకు కాదు. జ్వరంలో శరీరానికి నీరూ శక్తీ ఎక్కువగానే అవసరమని నేటి వైద్యం చెబుతున్నది.

ప్రశ్న: ‘ఫామిష్’, ‘హంగర్’, ‘ఫాస్ట్’ అన్న క్రియలకు ‘స్టార్వ్’తో తేడా ఏమిటి? ఉత్తర ఇంగ్లండు నవలల్లో కనిపించే ‘క్లెమ్’ అన్న మాటకు అర్థం ఏమిటి?

జవాబు: ‘ఫామిష్’ లాటిన్ ‘ఫామెస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినది, కరవును చెప్పే ‘ఫామిన్’కు దగ్గరి చుట్టం. నేడు అది ఎక్కువగా ‘ఫామిష్డ్’ అన్న విశేషణంగానే మిగిలింది. ‘హంగర్’ క్రియగా వాడితే ఇప్పుడు తపించడమన్న భావమే ముందుంటుంది. 1611 నాటి బైబిలు అనువాదంలో నీతి కోసం ఆకలిదప్పులు గొనడం గురించి చెప్పిన వాక్యం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ‘ఫాస్ట్’ అంటే తమంతట తాము నియమంగా తిండి మానడం. స్థిరంగా ఉండడం, నియమాన్ని గట్టిగా పట్టుకోవడం దాని మూలార్థం. ఆ నియమాన్ని విడిచే పూట కనుక ఉదయపు భోజనం ‘బ్రేక్‌ఫాస్ట్’ అయింది. ‘ఫాస్ట్’లో మనిషి ఇచ్ఛ ఉన్నది, ‘స్టార్వ్’లో అది ఉండనక్కరలేదు. ఉపవాసాన్ని ‘స్టార్వ్’ అని అనువదించేవారు ఈ తేడాను గమనించాలి.

‘క్లెమ్’ అంటే ఆకలితో మాడడం, మాడ్చడం. జర్మన్ ‘క్లెమెన్’తో దీనికి చుట్టరికం ఉన్నది; నొక్కి బిగించడం దాని అర్థం. ఖాళీ కడుపు లోపలికి పీక్కుపోయి నొక్కినట్టుండడమే ఈ మాట వెనుక ఉన్న అనుభవం. 1848లో వెలువడిన ‘మేరీ బార్టన్’ నవలలో ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టరు మిల్లు కార్మికుల నోట ఈ మాటను పలికించింది. ఆ ప్రాంతపు మాటలో ‘స్టార్వ్’ చలిని చెబుతూ ఉన్నది కాబట్టి ఆకలికి వేరొక క్రియ అవసరమైంది. పని పోయిన కార్మికుని ఇంట్లో పొయ్యిలో బొగ్గు లేకపోవడం ఒకటి, గిన్నెలో తిండి లేకపోవడం మరొకటి. ఆ రెండు బాధలకు రెండు క్రియలు వారికి ఉండేవి. ఆ ప్రాంతపు సంభాషణలను తెలుగు చేసేటప్పుడు ‘క్లెమ్’ దగ్గర ‘కడుపు మాడు’ అనీ, ‘స్టార్వ్’ దగ్గర, సందర్భం ఒప్పుకుంటే, ‘చలికి కొంకర్లు పోవు’ అనీ రాయండి.